బతుకమ్మ పాట ఎత్తుకుంటే గొంతు బిగుసుకుంటున్నది – ఏ సాధన చెయ్యాలె?

పానగల్_పాట (నల్లగొండ)

అందరికి నమస్తె. మా వాడకట్టుల బతుకమ్మ కాడ పాట చెప్పేది నేనే. సంగీతం నేర్చుకోలే, విని పట్టుకున్న పాటలే. మామూలుగ మాట్లాడితె గొంతు మంచిగనె ఉంటది. పాట ఎత్తుకున్నంక అరగంట దాక పర్వాలేదు. అటెన్క మొదలైతది.

పైకి పోయే కాడ గదవ ముందుకొస్తది, మెడ నరాలు ఉబ్బుతయ్, గొంతు పిసికినట్టయితది. చరణం మొదటి అక్షరం 'టక్'మని కొట్టుకున్నట్టు వస్తది. తెల్లారి లేస్తె బొంగురు. సద్దుల నాటికైతె (ఆఖరి రోజు) గాలే వస్తది గని పాట రాదు.

ఎంగిలిపూలకు (బతుకమ్మ మొదటి రోజు) ఇంక ఏడు వారాలున్నది. రోజుకు అరగంట కుదురుతది. హార్మోనియం లేదు, ఫోన్ల తంబుర యాప్ ఉన్నది. యూట్యూబ్‌ల ఒకాయన పొద్దుగాల నాలుగింటికి లేచి గట్టిగ ఆకారం ('ఆ' అని గుక్కపట్టి పాడుడు) పట్టమంటడు, ఇంకొకామె స్ట్రాతోటి బుడగలు ఊదమంటది. ఏది ముందు, ఏది వెనక, ఎంతసేపు, తెలిసినోళ్ళు జర వివరంగ చెప్పుండ్రి. మిరియాలు, కలకండ సంగతి గూడ చెప్పుండ్రి, ఇంట్ల అందరు గవే అంటున్నరు.

---

శ్రుతిపెట్టె (మహబూబ్‌నగర్)

అక్కా, మీరు చెప్పిన వాటన్నిటికీ మూలం ఒక్కటే. కావాల్సిన దానికంటే ఎక్కువ గాలి తోస్తున్నరు, ఆ గాలిని ఆపేందుకు గొంతు బిగుసుకుంటున్నది. గదవ ముందుకు రావడం, నరాలు ఉబ్బడం, అక్షరం టక్కుమనడం అన్నీ ఆ ఆపుడు పనే. కాబట్టి గొంతుకు బలం పెంచే సాధన ఇప్పుడు మీకు అక్కర్లేదు. తక్కువ గాలితో పాడే అలవాటు కావాలె.

స్వరపేటికలో ఉండే రెండు స్వరతంత్రులు ఆడవాళ్ళకు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడుగు, అంతే. ఆరు శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారంగ పట్టుకునే ఎత్తు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతది) మధ్యస్థాయి షడ్జం, అంటే 'స' పట్టుకుంటే అవి సెకనుకు 220 సార్లు ఒకదానికొకటి తాకుతయి. పై షడ్జానికి 440 సార్లు. అరగంట గట్టిగ పాడితే ఎన్ని దెబ్బలో లెక్కేసుకోండి. మెత్తగ తాకితే గంట పాడినా ఏమీ కాదు, గట్టిగ తాకితే వాస్తయి. వాచిన తంత్రి దగ్గరికి సరిగ చేరదు, సందులోంచి గాలి కారుతది. సద్దుల నాడు మీకు వచ్చే గాలి గొంతు అదే.

సాధన కంటే ముందు శ్రుతి చూసుకోండి. ఇది చాలామంది వదిలేస్తరు. సాయంత్రం పూట చూడండి, పొద్దున లేవగానే గొంతు కిందికి ఉంటది కాబట్టి లెక్క తప్పుతది. కూర్చొని 'ఆ' అంటూ మెట్టు మెట్టుగా కిందికి దిగండి. శబ్దం గరగరలాడకుండా తేటగా వచ్చే ఆఖరి మెట్టును మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') అనుకోండి. అక్కడి నుంచి నల్లమెట్లు, తెల్లమెట్లు అన్నీ కలిపి అయిదు మెట్లు పైకి వస్తే మీ షడ్జం. హార్మోనియం లేకున్నా ఫోన్లో పియానో యాప్ ఉంటే సరిపోతది. ఆడవాళ్ళకు ఎక్కువగా నాలుగున్నర నుంచి ఆరు లోపల పడుతది, మగవాళ్ళకు ఒకటి నుంచి రెండు. తంబుర యాప్‌లో ఎఫ్ షార్ప్ అంటే నాలుగున్నర, జి షార్ప్ అంటే అయిదున్నర, ఎ అంటే ఆరు.

బతుకమ్మ పాటలు చాలావరకు నాలుగైదు స్వరాల లోపలే తిరుగుతయి. అయినా గొంతు పోతున్నదంటే పాట కష్టమైంది కాదు, ఎత్తుకున్న చోటు తప్పు. పదిమందికి వినబడాలని పైన ఎత్తుకుంటరు, తర్వాత దిగడానికి దారి ఉండదు. పాటలో అన్నిటికంటే పైన పడే మాట ఏదో ముందు చూసుకోండి. ఆ మాట పక్కనున్న మనిషితో మాట్లాడినంత హాయిగ రావాలె. అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి పల్లవి ఎత్తుకోండి.

ఇక ఊపిరి. చాప మీద వెల్లకిలా పడుకొని బొడ్డు మీద పిల్లల నోటుబుక్కు పెట్టుకోండి. గాలి తీసుకుంటే బుక్కు లేవాలె, భుజాలు కదలొద్దు. నాలుగు లెక్కపెట్టేంతసేపు తీసుకొని, పండ్ల సందులోంచి 'స్స్స్' అని సన్నగా వదలండి. మొదటి వారం పది సెకన్లు చాలు, ఏడో వారానికి ఇరవై. పొట్ట పిండి పిండి ఆఖరి చుక్క దాకా వదలొద్దు, అట్ల చేస్తే గొంతు మూసుకునే అలవాటు వస్తది. నిండా పీల్చుకోవడం కూడ తప్పే. నిండిన గాలి బయటికి తన్నుకొస్తది, దాన్ని పట్టి ఉంచేందుకు మళ్ళీ గొంతే బిగుసుకోవాలె. చరణానికి ఎంత కావాలో అంతే తీసుకోవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

ఆకారం సంగతి. గట్టి ఆకారం చెడ్డదని కాదు, అది వరుసలో ఆఖరిది. మొదట పెదవులు అదిరించి 'బుర్ర్ర్' (పిల్లలు ట్రాక్టర్ ఆట ఆడుతరు గద, అదే), తర్వాత నోరు మూసి 'మ్మ్', తర్వాత 'మా', తర్వాత స్వరాల పేర్లు, అప్పుడు ఆకారం. ఒకే వరుసను ఈ అయిదు తీర్ల పాడండి. పెదవులు అదరకపోతే నోటి మూలల పక్కన బుగ్గల మీద రెండు వేళ్ళు పెట్టి కొంచెం పైకి ఆనించండి, అదురుతయి. మధ్యలో ఆగిపోతున్నదంటే గాలి తెగుతున్నదని, లేదా పెదవులు బిగబట్టిన్రని.

శాస్త్రీయంగా నేర్చుకునే పిల్లలకు సరళీ వరుసలు (మొదటి స్వర పాఠాలు) మాయామాళవగౌళ రాగంలోనే మొదలుపెడతరు. ఆ పద్ధతి పురందరదాసు (1484–1564) పెట్టిందని చెప్తరు. అందులో కింది సగం, పై సగం ఒకే ఎడంతో ఉంటయి కాబట్టి చెవికి పట్టు దొరుకుతది. కాని అందులో రిషభం ('రి') షడ్జానికి మరీ దగ్గర, గాంధారం ('గ') దూరం. గురువు పక్కన లేకుండా చేస్తే రిషభం జారిపోతది. మీకు కావాల్సింది గొంతు సాపు కావడం కాబట్టి, నా మాట వింటే మోహన రాగం పట్టుకోండి: స రి గ ప ద స, స ద ప గ రి స. అపస్వరం భయం తక్కువ. తంబుర పెట్టుకొని, ఒక్కో స్వరం మీద ఆరేడు సెకన్లు నిలిచి, పై షడ్జం దాకా పోకుండా మొదటి రెండు వారాలు పంచమం దగ్గరే తిరిగి రండి.

నాలుగింటికి లేవాల్సిన పని లేదు. ఆ వేళ గొప్పతనం చల్లదనం, నిశ్శబ్దం, అంతే. రాత్రంతా పడుకొని లేచినప్పుడు తంత్రులు కొంచెం ఉబ్బి ఉంటయి, అందుకే గొంతు లావుగా వస్తది. ఆ పూట మంద్రస్థాయి సాధనకు మంచిది, తారస్థాయికి (పై స్వరాలకు) కాదు.

---

స్వరచికిత్స (హైదరాబాద్, సొంతూరు దేవరకొండ)

శ్రుతిపెట్టె గారు చెప్పిన వరుసతో పూర్తిగా ఏకీభవిస్తాను. స్ట్రా గురించి నేను చెబుతాను, ఎందుకంటే యూట్యూబ్‌లో చూసి చేసేవాళ్ళలో ఎక్కువమంది తప్పుగా చేస్తారు.

ఇది మాయేమీ కాదు. దీన్ని పరిశోధించి ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఇంగో టిట్జె అనే అమెరికా స్వరశాస్త్రవేత్త ముఖ్యుడు. నోటి దగ్గర దారి సన్నమైతే గాలికి అక్కడ అడ్డు తగులుతుంది, ఆ ఒత్తిడి కొంత వెనక్కి తిరిగి తంత్రుల మీద పడి వాటిని కొంచెం ఎడంగా ఉంచుతుంది. దాంతో తంత్రులు కదులుతూనే ఉంటాయి, గట్టిగా కొట్టుకోవు. 'బుర్ర్', 'మ్మ్' పనిచేసేది కూడా ఈ కారణంతోనే. స్ట్రా వీటిలో తేలిక, ఎందుకంటే తప్పు చేస్తే నీళ్ళే చెబుతాయి.

ప్లాస్టిక్ స్ట్రాల మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. కాగితం స్ట్రా నీళ్ళలో తొందరగా మెత్తబడుతుంది. స్టీలు స్ట్రా ఒకటి కొనుక్కోండి, లోపలి బెజ్జం అయిదారు మిల్లీమీటర్లు ఉంటే చాలు. బొప్పాయి ఆకు కాడ మాత్రం వద్దు, పాలు కారి పెదవులు పొక్కుతాయి (అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాను).

పొడవాటి గ్లాసులో సగం నీళ్ళు పోయండి. స్ట్రా కొస నీళ్ళలోకి రెండు వేళ్ళ మందం, అంటే సుమారు మూడు సెంటీమీటర్లు దిగాలి. అంతకంటే లోతు పెడితే మొదట్లో బరువవుతుంది. గ్లాసును నోటి దగ్గరికి ఎత్తుకోండి, మెడ వంచి గ్లాసు దగ్గరికి పోవద్దు. పెదవులు స్ట్రా చుట్టూ మూసి, పళ్ళు ఎడంగా ఉంచి, 'ఊ' అని గొంతు కలపండి. ఉత్తగా ఊదడం కాదు, శబ్దం రావాలి.

మొదట హాయిగా ఉండే ఒకే స్వరం, అయిదారు సెకన్లు, అయిదు సార్లు. తర్వాత కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారుడుగా, అయిదు సార్లు. గొంతు ఒకచోట 'విరిగినట్టు' అవుతుంది చూశారా, అక్కడ ఆగకుండా, గాలి పెంచకుండా మెల్లగా దాటండి. ఆ తర్వాత మీ పాట ఒక చరణం, మాటలు లేకుండా స్ట్రాలోనే. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. రోజుకు ఒకసారి అరగంట చేసేకంటే పూటకు మూడు నిమిషాల చొప్పున నాలుగు సార్లు చేస్తే ఎక్కువ లాభం.

బుడగలు ఒకే తీరుగా రావాలి. నీళ్ళు గ్లాసు బయటికి చిందుతుంటే గాలి ఎక్కువ. పైకి పోయేసరికి బుడగలు ఆగి పీక నుంచి సన్నని శబ్దం మాత్రమే వస్తుంటే గొంతు మూసుకుంటోంది, ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కండి. మధ్యలో ముక్కు పుటాలు వేళ్ళతో మూసి చూడండి. శబ్దం మారకపోతే సరైనదే. ఆగిపోయినా, మారినా గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. తల తిరిగినట్టయితే ఆపి కూర్చోండి, గుక్కకూ గుక్కకూ మధ్య రెండు మామూలు ఊపిరులు తీసుకోండి.

బిగువు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంకో పరీక్ష: బొటనవేలు గదవ కింద మెత్తని చోట ఆనించి పాడండి. అక్కడ గట్టిపడితే నాలుక మొదలు బిగుస్తోంది. నాలుక కొసను కింది పెదవి మీద వదులుగా ఆనించి 'ఆ' మీద అదే వరుస పాడండి. వినడానికి వికారంగా ఉంటుంది, తలుపు వేసుకొని చేయండి. రెండు మూడు రోజుల్లో ఆ గట్టితనం తగ్గడం వేలికే తెలుస్తుంది.

---

చిరుతల_భజన (కల్వకుర్తి)

అక్కా, పైన ఇద్దరు చెప్పింది ఇంట్ల కూసోని చేసే ముచ్చట. బయట ఆడుకుంట పాడుడు వేరే లెక్క, గది చెప్త.

పాట చెప్పేటామె సగం చరణం అంటది, 'ఉయ్యాలో' అందరు అందుకుంటరు. ఆ 'ఉయ్యాలో' మీద మీరు గొంతు కలపొద్దు. చానమంది గీడనె తప్పు చేస్తరు, చెప్పేది వాళ్ళే, అందుకునేది వాళ్ళే. ఇగ ఊపిరి ఎప్పుడు తీస్కుంటరు? అందరు అనేటప్పుడు మీరు నోరు మూసి ముక్కుతోటి గాలి తీస్కోవాలె. కొన్ని ఊర్లల్ల చరణం మొత్తం తిరిగి అంటరు, అక్కడైతె ఇంక మంచిది, వాళ్ళు అనేంతసేపు మీకు ఇడుపు.

వంగి చప్పట్లు కొట్టేటప్పుడు కడుపు నొక్కుకుంటది. వంగినప్పుడు గాలి తీస్కుంటె పైపైన, రొమ్ములకే పోతది. లేచేటప్పుడు తీస్కోవాలె. పై మాట వంగే కాడ పడ్డదనుకో, మీరు వంగుడు తగ్గించి చేతులు మాత్రం కలపుండ్రి, ఎవ్వరు ఏమనరు.

చప్పట్ల ఉరుకు గూడ మీ చేతులనె ఉంటది. పోరగాండ్లు, కొత్త కోడండ్లు గలిస్తె ఉరికిస్తరు. ఉరుకు పెరిగితె గుక్క పొట్టిగైతది, భుజాలు లేస్తయ్, గొంతు పట్టుకుంటది. మొదటి రెండు పాటలు మెల్లగ నడిపియ్యుండ్రి, అటెన్క వాళ్ళు గుంజినా మీ గొంతు తయారైయుంటది.

ఇంకోటి, జోడు పెట్టుకోండ్రి. పాటకొకరు మార్చుకోవాలె. ఒక్కరే గంటన్నర చెప్పుడు ఏ భజనల గూడ ఉండదు. మా దిక్కు చిరుతల ఆటలల్ల పాత్రలు మారుతుంటయ్, గొంతులు మారుతుంటయ్, గందుకె తెల్లార్లు నడుస్తది.

మిరియాలు, కలకండ వట్టివి అనొద్దు. రెండు మిరియాలు, ఇంత కలకండ బుగ్గల పెట్టుకుంటె గొంతు జారుడుగ ఉంటది, ఎవ్వరినన్న అడుగుండ్రి. పొద్దుగాల చెర్వు కట్ట మీద గట్టిగ ఆకారం పట్టుడు గూడ పాత పద్ధతే. స్ట్రాలు లేనప్పుడు జనం పాడలేదా?

---

స్వరచికిత్స

అన్నా, 'ఉయ్యాలో' మీద ఊపిరి, జోడు – ఈ రెండూ పదివేల మాటలు. మేము క్లినిక్‌లో చెప్పేదానికంటే బాగా చెప్పారు.

మిరియాల దగ్గర మాత్రం ఒక సవరణ. మనం మింగేది ఏదీ స్వరతంత్రుల మీద పడదు. మింగేటప్పుడు శ్వాసదారి మూసుకుంటుంది, అది అన్నవాహికలోకి పోతుంది. పొరపాటున తంత్రుల మీద పడితే పొలమారి దగ్గు ఆగదు. కలకండ చప్పరిస్తే లాలాజలం ఊరుతుంది, గొంతు వెనక భాగం తడుస్తుంది, గొంతు సవరించుకోవాలన్న దురద తగ్గుతుంది. ఆ మేరకు మంచిదే. మిరియాలు మాత్రం కొందరికి మంట పుట్టించి దగ్గు తెప్పిస్తాయి, కడుపులో పులుపు పైకి వచ్చేవాళ్ళకు ఇంకా చెరుపు. కాబట్టి కలకండ సరే, మిరియాలు మీ కడుపును బట్టి.

తంత్రులకు తడి రెండు దారుల్లోనే అందుతుంది. ఒకటి ఒంట్లోని నీటి ద్వారా. అందుకే పాడే ముందు గటగటా తాగితే లాభం లేదు, పొద్దటి నుంచే కొంచెం కొంచెం తాగుతూ ఉండాలి. రెండోది పీల్చే ఆవిరి. ఉత్త నీళ్ళ ఆవిరి, అయిదు నుంచి పది నిమిషాలు. అందులో బామ్, నీలగిరి తైలం వేయొద్దు, వాటి ఘాటుకు గొంతు ఇంకా చికాకు పడుతుంది. మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకొని పిల్లలను మాత్రం కూర్చోబెట్టకండి, ఏటా కాలిన కేసులు వస్తుంటాయి. జలుబు మాత్రల్లో చాలా రకాలు ముక్కుతో పాటు గొంతును కూడా ఎండబెడతాయి. పండుగ ముందు అవి వాడాల్సివస్తే నీళ్ళు పెంచండి.

---

శ్రుతిపెట్టె

చెరువు కట్ట ఆకారం గురించి భజనన్నతో నాది చిన్న పేచీ. బయట గోడలు ఉండవు, మన గొంతు మనకు తిరిగి రాదు. చాలడం లేదనిపించి తెలియకుండానే పెంచుతం. నేర్చిన గొంతుకు అది సాగుతది, బిగుసుకునే గొంతుకు కాదు. అక్క మొదటి నాలుగు వారాలు గదిలోనే, గోడకు మూరెడు దూరంలో గోడ వైపు తిరిగి నిలబడి పాడాలె. మెల్లగ పాడినా తన గొంతు తనకు తేటగ వినబడుతది, పెంచాలన్న యావ పోతది. అయిదో వారం నుంచి డాబా మీద.

---

పానగల్_పాట

అందరికి మస్తు థాంక్స్. శ్రుతి చూసుకుంటె నాలుగున్నర వచ్చింది. ఇన్నొద్దులు నేను ఎత్తుకునేది ఎక్కడో ఆరుమీద ఉన్నట్టుంది, గీ తేడా నాకు తెల్వనే తెల్వదు.

స్ట్రా చేస్తున్న. కింద బుడగలు మంచిగ వస్తున్నయ్, పైకి పోతె నీళ్ళు చిందుతున్నయ్. ముక్కు మూస్తె శబ్దం మారుతలేదు. కని స్ట్రా తీసి పాట అందుకునేసరికి మళ్ళ పాత గొంతే వస్తది. 'ఉయ్యాలో'ల 'ఉ' కాడ టక్కుమనుడు పోలే. 'ఈ' వచ్చే మాటలు పైన పడితె ఇంక బిగుసుకుంటది. గిదెట్ల?

---

శ్రుతిపెట్టె

చిందడం రెండో వారానికి తగ్గుతది, పైకి పోయేటప్పుడు గాలి తగ్గించాలని గుర్తుపెట్టుకోండి. మన మనసు పైకి అంటే ఎక్కువ బలం అనుకుంటది. పై స్వరానికి తంత్రి సాగాలె, సాగిన సన్నని తంత్రికి గాలి కొంచమే కావాలె.

స్ట్రా నుంచి పాటకు ఒక్క గంతు వేస్తున్నరు, అందుకే పాత గొంతు తిరిగొస్తున్నది. మధ్యలో మెట్లు పెట్టండి. చరణం ఒకసారి స్ట్రాలో. వెంటనే స్ట్రా తీసి అదే చరణం 'మ్మ్' మీద. పెదవులు, ముక్కు దూలం సన్నగా అదరాలె. మూడోసారి ప్రతి అక్షరానికి బదులు 'మా' అనుకుంట, 'మా మా మా' మీద. నాలుగోసారి అచ్చులు మాత్రమే, హల్లులు లేకుండా. అయిదోసారి మాటలతో. ఏ మెట్టు దగ్గర బిగువు వచ్చిందో అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి పోవాలె, ముందుకు కాదు. ఒక చరణానికి అయిదు నిమిషాలు పడుతది, రోజుకు రెండు చరణాలు చాలు.

'ఉ' సంగతి. మాట అచ్చుతో మొదలైతే తంత్రులు ముందే మూసుకొని ఉండి, గాలి వచ్చి వాటిని పగలగొట్టినట్టు తెరుచుకుంటయి. ఆ టక్కు అదే. ముందు 'హుయ్యాలో' అని పాడండి. 'హ' వినబడేటట్టు పది సార్లు. తర్వాత 'హ' సగం, ఇంకో పది. తర్వాత మనసులోనే 'హ' అనుకొని 'ఉయ్యాలో'. టక్కు పోతది. వారం రోజులు మాటల్లో కూడ పట్టించుకోండి: 'అక్కా', 'ఏమైంది', 'ఇటు రా' అనేటప్పుడు అదే టక్కు పడుతుంటది. పిల్లలను ఇంకో గదిలోంచి పిలిచేటప్పుడైతే మరీ. పాటలో మానిపించి మాటలో ఉంచుకుంటే అది తిరిగొస్తది.

'యా' దగ్గర నోరు తెరవాలె. వెనక పండ్ల మధ్య ఒక వేలు సందు ఉండేటట్టు దవడ కిందికి వదలండి, ముందుకు కాదు. దవడ వదిలేటప్పుడు చెవి ముందర వేలు పెడితే చిన్న గుంట తెలుస్తది, ఆ గుంట పాడినంతసేపు ఉండాలె. 'లో' దగ్గర పెదవులు గుండ్రం చేస్తే చాలు, దవడ మూయొద్దు.

'ఈ'కి నాలుక పైకి లేస్తది, లోపలి దారి ఇరుకైతది. పైన పడ్డ 'ఈ'ని మొత్తం 'ఈ'గా అనకండి, 'ఎ' వైపు ఒక పిసరు వంచండి. వినేవాళ్ళకు 'ఈ' లాగే వినబడుతది. 'పీట' అనే మాట 'పేట' అయ్యేంత వంచొద్దు మళ్ళీ.

నాలుగున్నర వచ్చిందన్నరు. మీ ఊరి పాటలకు షడ్జం అక్కడే ఉంచాలని లేదు. పాట పంచమం దాటకపోతే అయిదుకు ఎత్తుకున్నా ఇబ్బంది లేదు. ఆరుకు మాత్రం వద్దు, కనీసం ఈ ఏడు.

---

సౌండ్‌సెట్ (మిర్యాలగూడ)

పాట సంగతి పెద్దలు చెప్పిన్రు. మైకు గురించి నేను రెండు మాటలు.

పక్క వాడల డీజే పెడితె మీరు పాడొద్దు, గంతే. చుట్టు చప్పుడు పెరిగితె మనిషి తెలియకుంటనె గొంతు పెంచుతడు. లాంబార్డ్ అనే ఫ్రాన్స్ చెవి, ముక్కు, గొంతు డాక్టరు నూరేండ్ల కింద ఇది పట్టుకున్నడు, ఆయన పేరే పెట్టిన్రు దానికి. గట్టి మనసుతోటి ఆపుకుందమన్నా ఆగదు. డీజే పాటకూ పాటకూ నడుమ ఆపిచ్చి పాడుండ్రి, లేకుంటె మైకు పెట్టుండ్రి.

మైకు నోటికి నాలుగు వేళ్ళ మందం దూరం, సూటిగ కాదు, నోటి మూలకు కొంచెం వారగ. సూటిగ పెడితె 'ప', 'బ' కాడ దబ్బుదబ్బుమంటది. జాలీ మీద గుప్పిట మూయొద్దు, కూత అందుకెనె వస్తది. అన్నిటికంటె ముఖ్యం, స్పీకర్ ఒకటి మీ దిక్కు తిప్పి ఉండాలె. జనానికి మంచిగ వినవడి మీకు వినవడకుంటె మీరు ఒర్రుతనే ఉంటరు. మీ దిక్కు తిప్పిన పెట్టె మైకు ముందర కాదు, మైకు వెనక వైపు ఉండాలె, కూత రాదు. సెట్ ఆపరేటర్‌కు ఎకో తగ్గియ్యుమని చెప్పుండ్రి. ఎకో ఎక్కువైతె మాట తెలుస్తలేదని గుంజి గుంజి పాడుతరు.

మా మిల్లుల దిక్కుండేటోళ్ళు తౌడు దుమ్ముల ఆడుతరు, వాళ్ళకు ఆటకు ముందు గంట, అయినంక గంట మూతికి గుడ్డ కట్టుకోమని చెప్త. పాడేటప్పుడు ఎట్లాగు కుదరదు.

---

స్వరచికిత్స

పానగల్ అక్కకు తొమ్మిది రోజుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను, సాధన బాగా చేసినవాళ్ళు కూడా ఇక్కడే పాడుచేసుకుంటారు.

ఆటకు బయల్దేరే ముందు ఎనిమిది పది నిమిషాలు: స్ట్రా మూడు, 'బుర్ర్', 'మ్మ్' మూడు, మెల్లగా పాట రెండు. పువ్వులు పేర్చుకుంటూ చేయొచ్చు. ఆట అయ్యాక మూడు నిమిషాలు స్ట్రాలో పై నుంచి కిందికి జారుళ్ళు, పైకి కాదు. ఇది ఎవరూ చేయరు, అసలు తెల్లారి బొంగురుకు ముందు మందు ఇదే. ఆ రాత్రి ఇంట్లో గుసగుసలాడొద్దు. గుసగుసలో చాలామంది గొంతును మామూలు మాట కంటే ఎక్కువ బిగిస్తారు. తక్కువ మాట్లాడండి, మాట్లాడితే మామూలు గొంతుతో మాట్లాడండి. సత్తుపిండి, మలీద పాటకు ముందు తింటే పొడి గొంతుకు పట్టుకుంటుంది, నీళ్ళు దగ్గర పెట్టుకోండి, వీలైతే ఆట అయ్యాకే తినండి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. పండుగ రోజుల్లో పదకొండింటికి తిని పడుకుంటే పులుపు పైకి వచ్చి, పొద్దున పాట పాడకపోయినా గొంతు బొంగురుగానే ఉంటుంది.

పొద్దున ఒక పరీక్ష చేసుకోండి. లేచి నీళ్ళు తాగి, అరగంట మామూలుగా మాట్లాడాక, పై స్వరంలో చాలా సన్నగా, ముక్కలు ముక్కలుగా 'ఊ, ఊ, ఊ, ఊ, ఊ' అనండి. గట్టిగా అంటే పరీక్ష పనికిరాదు, గట్టి శబ్దం వాపును దాచేస్తుంది. అయిదూ వెంటనే పలికితే ఆ సాయంత్రం మామూలుగా పాడొచ్చు. శబ్దం కంటే ముందు గాలి వస్తుంటే, ఒకటి రెండు పలకకుండా పోతుంటే తంత్రులు వాచి ఉన్నాయి. ఆ రోజు జోడుకు అప్పగించి మీరు అందుకునేవాళ్ళతో ఉండండి, శ్రుతి ఒక మెట్టు దింపించండి.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఎట్లాగూ పేర్చేది లేదు, ఆడేది లేదు. ఆ రోజు పాటలే కాదు, ఫోన్లో గంటల ముచ్చట్లు కూడా బంద్ చేయండి. ఏడు, ఎనిమిది రోజుల్లో సగం గొంతే వాడుకోండి, సద్దుల రోజు పెద్ద ఆట ఉంటుంది.

పండుగ అయ్యాక వారం పది రోజుల్లో గొంతు దానంతట అదే తేరుకోవాలి. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే కషాయాలతో కాలం గడపొద్దు, చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి సన్నని గొట్టం కెమెరాతో తంత్రులను చూడమనండి. గట్టిగా వాడే గొంతుల్లో తంత్రి ముందు భాగానికీ మధ్య భాగానికీ కలిసే చోట రెండు వైపులా చిన్న గడ్డలు వస్తాయి, టీచర్లలో, పాడేవాళ్ళలో మామూలే. మొదట్లో పట్టుకుంటే చాలావరకు ఆపరేషన్ లేకుండా స్వరచికిత్సతోనే తగ్గుతాయి. మింగితే నొప్పి, ఊపిరికి ఇబ్బంది, మెడలో గడ్డ, దగ్గితే నెత్తురు ఉంటే మాత్రం మూడు వారాలు ఆగొద్దు, ఆ రోజే పోవాలి.

---

పానగల్_పాట

జోడుకు మా తోడికోడలును ఒప్పించిన. ఆమె శ్రుతి అయిదున్నర వచ్చింది, నాది నాలుగున్నర. ఇద్దరం కలిపి అయిదుకు ఎత్తుకోవచ్చునా, పాట పాటకు మార్చుకోవాల్నా?

---

శ్రుతిపెట్టె

పాట పాటకు మార్చుకోండి. మీరు చెప్పేవి అయిదుకు, ఆమె చెప్పేవి అయిదున్నరకు. అందుకునే గుంపుకు ఆ ఒక్క మెట్టు తేడా తెలియదు. తంబుర యాప్ ఒకరి చెవికి పెట్టుకొని పల్లవి ఎత్తుకొని తీసేయండి, ఊహతో ఎత్తుకుంటే ఇద్దరూ మళ్ళీ ఆరుకే పోతరు.